పాలకొల్లు మాస్టారి బండిలో ఏ కంప్యూటర్ పెట్టాం, ఏది తీసేశాం

నేను రావులపాలెంలో ఎలక్ట్రానిక్స్ పని చేస్తాను. ఎక్కువ భాగం రొయ్యల చెరువుల పనే. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల ప్యానెళ్లు, కరెంటు పోగానే రైతు ఫోన్ మోగేలా అలారాలు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటర్ల రిపేర్లు. మోటార్‌హోమ్‌లు, అంటే లోపలే పడుకుని వండుకునేలా మార్చిన బండ్లు, అప్పుడప్పుడూ వస్తాయి, ఇది మూడోది. మొదటి రెండింటికీ లెక్కలు రాసుకోలేదు. దీనికి మాత్రం మొదటి రోజు నుంచీ నోట్‌బుక్ పెట్టాను, ఎందుకంటే బండి ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు, నేను ఏది చెప్పినా "ఎంత బాబూ?" అని అడిగేవారు, ఎక్కువ, తక్కువ అంటే ఒప్పుకునేవారు కాదు. ఆ నోట్‌బుక్‌లోంచే ఇది రాస్తున్నాను, నేను తప్పు చేసిన చోటుతో సహా.

ముందు బండి సంగతి. సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్, సీట్లు తీసేసి లోపల మంచం, చిన్న వంటగట్టు, బాత్రూమ్ కట్టించారు. ఇంటి సామాన్లకు వేరే బ్యాటరీ ఉంది, 12.8 వోల్టులు, 200 ఏహెచ్ (యాంప్ అవర్లు), లిథియం ఐరన్ ఫాస్ఫేట్. టాపు మీద 400 వాట్ల సోలార్, ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ అవడానికి డీసీ చార్జరు, 1500 వాట్ల ఇన్వర్టర్, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు. మాస్టారు, అమ్మగారు ఇద్దరే తిరుగుతారు. అమ్మగారికి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు, వాడని పెన్నులు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కాబట్టి ఈ బండిలో ఫ్రిజ్ టెంపరేచర్ చూడటం సరదా కోసం కాదు. ఈ ఒక్క విషయం నేను మొదట్లోనే గట్టిగా పట్టించుకుని ఉంటే సగం పని తప్పేది.

మాస్టారు అడిగింది ఇది: ముందు ఒకే స్క్రీన్, దాని మీద దారి, బ్యాటరీ, ట్యాంకు, ఫ్రిజ్, వెనక కెమెరా అన్నీ కనబడాలి, సాయంత్రం బండి ఆపాక అదే స్క్రీన్ మీద పాత పాటలు పెట్టుకోవాలి. నేను ఇంటెల్ ఎన్100 మినీ పీసీ పెట్టాను. అరచేతిలో పట్టే పెట్టె, 2023లో వచ్చిన ప్రాసెసర్, నాలుగు కోర్లు, కంపెనీ లెక్కలో 6 వాట్లు. అడిగినవన్నీ చేస్తుంది, ఇంకా శక్తి మిగులుతుంది. దాని అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉంది, మన బ్యాటరీ కూడా పన్నెండే కదా అని నేరుగా కలిపేయాలనిపిస్తుంది, కానీ ఛార్జ్ అయ్యేటప్పుడు ఈ బ్యాటరీ 14.4 దాకా వెళుతుంది, ఆ పెట్టె లోపలి సర్క్యూట్ దాన్ని తట్టుకుంటుందో లేదో డబ్బా మీద ఎక్కడా రాయలేదు. అందుకని జాగ్రత్త అనుకుని దాని అడాప్టర్‌నే ఇన్వర్టర్ సాకెట్‌లో పెట్టాను. తప్పు అక్కడే జరిగింది.

జూలైలో వాళ్లు అంతర్వేది వెళ్లారు. వెళ్లిన రోజు సాయంత్రానికే ముసురు పట్టింది, మర్నాడంతా సూర్యుడు కనబడలేదు. రెండో రాత్రి తెల్లవారుజామున 4 గంటలకు మాస్టారి ఫోన్. "బాబూ, ఫ్యాన్లు ఆగిపోయాయి, లైట్లు లేవు, ఫ్రిజ్ కూడా చప్పుడు లేదు." బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా కాపాడే లోపలి సర్క్యూట్, బీఎంఎస్, కట్ చేసేసింది, అది దాని ధర్మం. ఇంజిన్ స్టార్ట్ చేసి అరగంట ఉంచండి అని చెప్పాను, ఇంజిన్ బ్యాటరీ వేరు కాబట్టి స్టార్ట్ అయింది. ఫ్రిజ్ తెరిచి చూస్తే 14 డిగ్రీలు. ఆ కాసేపటికి ఇన్సులిన్‌కి ఏమీ కాదని మందుల షాపు ఆయన చెప్పారు, నిజమే, బయట మామూలు గది వేడిలో కూడా కొన్ని వారాలు ఉంటుంది. అయినా వాన, చీకటి, పక్కన అమ్మగారు, ఏం జరిగిందో అర్థం కాని స్థితిలో మాస్టారి గొంతు విన్నాక ఆ రోజు నాకు ఇంక నిద్ర పట్టలేదు. బండి పరిస్థితిని కనిపెట్టి చెప్పాలని పెట్టిన కంప్యూటరే బండిని ఖాళీ చేసింది.

బండి వెనక్కి వచ్చాక క్లాంప్ మీటర్ పెట్టి రెండు రోజులు కూర్చున్నాను. ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు 45 వాట్లు, సగం సేపు నడుస్తుంది, రోజుకి సుమారు 540 వాట్ అవర్లు. ఫ్యాన్లు రెండూ కలిపి 400. లైట్లు, పంపు, ఫోన్లు కలిపి ఒక 100. అంతా కలిపి 1040. ఇక మినీ పీసీ, స్క్రీన్, వాటి కోసం 24 గంటలూ ఆన్‌లో ఉన్న ఇన్వర్టర్, ఈ మూడూ కలిసి సగటున 32 వాట్లు, అంటే రోజుకి 768. అందులో సగానికి పైగా ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నందుకు తిన్నదే. పీసీ ఒక్కటే కొలిస్తే 9 వాట్లు దాటలేదు. నిండు బ్యాటరీలో ఉండేది 2560. ముసురు రోజు సోలార్ ఇచ్చింది 400. ఇప్పుడు ఒకటిన్నర రోజుకి లెక్క వేయండి: కంప్యూటర్‌తో కలిపి ఖర్చు 2712, కంప్యూటర్ లేకపోతే 1560. మొదటి లెక్కలో సోలార్ ఇచ్చిన 400 తీసేసినా తెల్లారేసరికి అడుగంటుతుంది, రెండో లెక్కలో సగానికి పైగా మిగులుతుంది. మాస్టారు ఈ లెక్క చూసి నన్ను ఒక్క మాట అనలేదు. "ఇది కొనక ముందు వేయాల్సిన లెక్క కదూ" అన్నారు అంతే.

అవును. అప్పటి నుంచి ఎవరు వచ్చి ఏ కంప్యూటర్ అని అడిగినా, ముందు రాత్రి లెక్క చెప్పండి అంటున్నాను. ఇంజిన్ ఆపేసి, ఎండ లేని రెండు రోజులు బండి ఒక్క చోట ఉంటే ఏవేవి ఆన్‌లో ఉండి తీరాలి, వాటికి ఎంత కావాలి, అది తేలాక మిగిలినదాంట్లో కంప్యూటర్ వాటా ఎంత. ఈ బండికి మేం కంప్యూటర్ వాటా 5 వాట్లు అని గీత గీశాం.

ఆ గీత గీయగానే చాలా వాటి సంగతి తేలిపోయింది. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ పెడదామన్నారు మాస్టారు. 19 వోల్టులు కావాలి, పైగా ఎండలో నిలబెట్టిన బండిలో దాని బ్యాటరీ ఉబ్బుతుంది, వద్దన్నాను. ఎన్100ని పారేయక్కర్లేదు, 14.4 వచ్చినా 12 మాత్రమే ఇచ్చే డీసీ కన్వర్టర్ మీద పెడితే రోజుకి 230 వాట్ అవర్లు చాలు, నాలుగు కెమెరాలు రికార్డు చేసుకునేవాళ్లకి నేను ఇప్పటికీ అదే చెప్తాను, కానీ మాస్టారికి అంత పని లేదు. ఇక రాస్ప్‌బెరీ పై, ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్, ఇక్కడి నుంచి పై అంటే అదే. అందులో పై 5 మంచిదే, 2023 చివర్లో వచ్చింది, గడియారం, పవర్ బటన్ బోర్డు మీదే ఉన్నాయి, ఆ రెండూ నాకు చాలా నచ్చాయి. దాని ఇబ్బంది కరెంటుతో. పూర్తిగా పనిచేయాలంటే 5 వోల్టుల దగ్గర 5 యాంపులు అడుగుతుంది, అంత ఇవ్వగలమని సప్లై దానికి చెప్పకపోతే యూఎస్‌బీ పోర్టులన్నింటికీ కలిపి 600 మిల్లీయాంపులకి బిగించేస్తుంది. బండికి దొరికే మామూలు కన్వర్టర్లు ఆ సంగతి చెప్పవు. పై జీరో 2 డబ్ల్యూ ఇంకా తక్కువ తాగుతుంది, మెమరీ 512 ఎంబీ, సెన్సర్లు చదవడం వరకూ చక్కగా సరిపోతుంది, గ్రాఫులు గీసే పేజీ కూడా దాని మీదే నడపాలంటే ఊపిరాడదు. కేవలం బ్యాటరీ, టెంపరేచర్ చూస్తే చాలు అనుకునేవాళ్లకి ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు సరిపోతుంది, అర వాటు కూడా తాగదు. నేను చెరువుల మీద పెట్టేవి అవే.

చివరికి పై 4 తీసుకున్నాం, 2 జీబీది. 2019 నుంచి ఉన్న బోర్డు, దాని రోగాలన్నీ అందరికీ తెలుసు, మందులూ తెలుసు. నాకు అదే పెద్ద బలం అనిపించింది. స్క్రీన్ తీసేశాను. పై తన వైఫై తనే పెట్టుకుంటుంది, ట్యాబ్‌లోనో అమ్మగారి ఫోన్‌లోనో పేజీ తెరిస్తే అన్నీ కనబడతాయి, చూసేవాళ్లు లేనప్పుడు స్క్రీన్‌కి కరెంటు ఖర్చు లేదు. కన్వర్టర్‌లో పోయేదానితో కలిపి కొలిస్తే సగటున 4.5 వాట్లు, రోజుకి 108. పాత 768 పక్కన ఈ 108 రాసి నోట్‌బుక్‌లో కింద రెండు గీతలు కొట్టారు మాస్టారు.

కానీ పై పెట్టాక కూడా నెల రోజులు ఇబ్బంది పడ్డాం, ఆ ఇబ్బంది బోర్డుది కాదు, వైరుది. మొదట నేను చేసిన ఏర్పాటు ఇలా ఉండేది: బ్యాటరీ దగ్గర 5 వోల్టుల కన్వర్టర్, అక్కడి నుంచి మంచం కిందుగా నాలుగు మీటర్ల వైరు, చివర పై బోర్డు. వైరు 0.5 స్క్వేర్ ఎంఎం, చేతికి దొరికింది వేశాను. రెండు మూడు రోజులకోసారి తనంతట తనే రీస్టార్ట్ అయ్యేది. స్క్రీన్ కలిపి చూస్తే మూల పసుపు పచ్చ మెరుపు గుర్తు వచ్చి పోతోంది. ఆ గుర్తు వచ్చిందంటే బోర్డుకి అందుతున్న వోల్టేజి 4.63 కన్నా పడిపోయిందని. లెక్క చూడండి. ఆ వైరు మీటరుకి 0.035 ఓమ్, పోవడానికి నాలుగు, రావడానికి నాలుగు, ఎనిమిది మీటర్లకి 0.28. బోర్డు, దానికి తగిలించిన ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డిస్కు) కలిసి ఒక్కసారి 2 యాంపులు లాగితే 0.56 వోల్టులు వైరులోనే పోతాయి. ఇటు 5.1 పంపితే అటు చేరేది 4.54. అదే వైరులో 12 వోల్టులు పంపి, కన్వర్టర్‌ని పై బోర్డు పక్కన జానెడు దూరంలో పెడితే, యాంపు కూడా పారదు, పోయేది 0.2, దాన్ని కన్వర్టర్ లెక్కే చేయదు. తీసి అలాగే వేశాను. 9 నుంచి 36 వోల్టుల దాకా తీసుకునే కన్వర్టర్, వైరు 1.5 స్క్వేర్ ఎంఎం, బ్యాటరీ ప్లస్ దగ్గరే 3 యాంపుల ఫ్యూజు. ఆ తర్వాత ఆ మెరుపు గుర్తు మళ్లీ చూడలేదు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఫోన్ చార్జర్‌తో పై నడపాలని చూసేవాళ్లకి కూడా ఇదే గతి, అవి ఫోన్ కోసం చేసినవి, ఫోన్‌కి తన బ్యాటరీ ఉంటుంది కాబట్టి కాస్త తగ్గినా ఊరుకుంటుంది, దీనికి బ్యాటరీ లేదు.

రెండో ఇబ్బంది మాస్టారి అలవాటుతో వచ్చింది, అది మంచి అలవాటే. ఇంటికి రాగానే బండి దిగుతూ మెయిన్ స్విచ్ కట్ చేస్తారు. పై బతికుండగానే పీక నొక్కినట్టు. మూడో వారానికి మెమరీ కార్డు పాడైంది, స్టార్ట్ అవడం మానేసింది. ఆయన్ని అలవాటు మార్చుకోమనడం నాకు ఇష్టం లేదు, డెబ్బై ఏళ్ల మనిషి భద్రత కోసం చేసే పనిని కంప్యూటర్ కోసం మార్చుకోకూడదు, కంప్యూటరే మారాలి. మూడు పనులు చేశాను. సిస్టమ్ ఉన్న కార్డుని చదవడానికి మాత్రమే తెరిచేలా ఓవర్‌లే పెట్టాను, ఏం రాసినా ర్యామ్‌లోనే ఉండి, ఆపగానే చెరిగిపోతుంది, కార్డు మీద గీత పడదు. రోజువారీ అంకెలు చిన్న ఎస్‌ఎస్‌డీ మీదకి మార్చాను. పై బోర్డు లైన్‌ని మెయిన్ స్విచ్‌కి ముందు నుంచే తీసుకుని, దానికి వేరే చిన్న బటన్ ఇచ్చాను, నొక్కితే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. ఇప్పుడు మెయిన్ కట్ చేసినా ఫ్రిజ్ టెంపరేచర్ రాస్తూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త చెప్పాను: హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గరికి నెలల తరబడి వెళ్తే బటన్ నొక్కి, ఫ్యూజు కూడా తీసి వెళ్లండి అని. షెడ్డులో ఎండ తగలకుండా ఉంటే ఆ 108 చొప్పున 23 రోజుల్లో నిండు బ్యాటరీ ఖాళీ అవుతుంది. లిథియం బ్యాటరీని అలా అడుగంటించి వదిలేస్తే మళ్లీ లేవకపోవచ్చు.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. ఇది చెరువుల మీద నేర్చుకున్న పాఠం, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. పదిహేనేళ్లలో చెరువు గట్టు మీద నేను పెట్టిన బాక్సుల్లో ప్రాసెసర్ చాలక చచ్చినది ఒక్కటి కూడా లేదు. వైరు బాక్సులోకి వెళ్లే చోట బిగించే గ్లాండ్ వదులై తేమ దూరి, టెర్మినల్ పచ్చబడి, రిలే కాళ్లు చిలుము పట్టి చచ్చినవే అన్నీ. అంతర్వేదిలో, ఓడలరేవులో, భైరవపాలెం వైపు బండి రెండు రాత్రులు పెడితే పొద్దున్నే అద్దం మీద వేలు పెట్టి నాలుక్కి రాసుకోండి, ఉప్పగా ఉంటుంది. ఆ గాలే బాక్సులోకీ వెళుతుంది. అందుకే ఫ్యాన్ ఉన్న కేసు వద్దనుకున్నాం, ఫ్యాన్ అంటే ఉప్పు గాలిని లోపలికి పిలవడమే. ఒళ్లంతా అల్యూమినియం ఉన్న కేసు, అదే వేడి లాగేసుకుంటుంది. బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్, అంటే తేమ తగలకుండా కాపాడే పూత, కొట్టాను, కనెక్టర్లకి టేప్ వేసి, ఆరాక తీశాను. వైరు చివరలన్నీ తగరం పూసినవి. బాక్సులోకి వెళ్లే ప్రతి వైరూ ముందు కిందికి వంగి తర్వాత పైకి ఎక్కేలా కట్టాను, నీటి చుక్క వైరు పట్టుకుని వచ్చినా వంపు దగ్గర జారి కింద పడుతుంది.

మొదట బాక్సు ఎత్తులో ఉన్న అరలో ఉండేది, అందంగా ఉందని. మేలో పాలకొల్లులో నీడ లేని చోట మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ పెట్టి చూశాం: ఆ ఎత్తు అరలో 58 డిగ్రీలు, మంచం కింద 44. ఎత్తు అరలో ప్రాసెసర్ 83కి వెళ్లింది. పై 4 బోర్డు 80 డిగ్రీలు దాటితే తనే వేగం తగ్గించుకుంటుంది. మంచం కింద 67 దగ్గర నిలబడింది. అదే బోర్డు, అదే కేసు, నాలుగడుగుల ఎత్తు తేడా అంతే. ఏసీ ఉన్న బండ్లలో చల్లగాలి నేరుగా తగిలే చోట కూడా పెట్టకండి, చల్లబడిన లోహం మీద మన కోనసీమ తేమ చెమటలా పడుతుంది.

పై 4లో గడియారం ఉండదు. నెట్ లేని చోట ఆన్ చేస్తే పోయినసారి ఆపిన టైమ్ దగ్గర నుంచి మొదలుపెడుతుంది. ఒకసారి గ్రాఫులో రాత్రి రెండింటికి సోలార్ 300 వాట్లు ఇచ్చినట్టు వస్తే మాస్టారు నవ్వలేదు, పేజీ ప్రింట్ తీసి తెచ్చి చూపించారు. డీఎస్3231 గడియారం చిప్ పెట్టాను, నాణెం సైజు బ్యాటరీ ఉంటుంది, దానితో ఆ గొడవ తీరింది. టైమ్ సరిచూసుకోవడానికి, బండి తిరిగిన దారి రాసుకోవడానికి యూఎస్‌బీ జీపీఎస్ కూడా ఉంది. దాన్ని మొదట పై బోర్డు పక్కనే గుచ్చాను, రేకు టాపు కింద, ఎస్‌ఎస్‌డీ పక్కన, రెండు శాటిలైట్లు కూడా సరిగ్గా అందలేదు. మీటరున్నర ఎక్స్‌టెన్షన్ వేసి ముందు అద్దం కింద మూలకి జరిపాను, ఎస్‌ఎస్‌డీని నీలం (యూఎస్‌బీ 3) పోర్టులోంచి తీసి నల్ల (యూఎస్‌బీ 2) పోర్టులో పెట్టాను. యూఎస్‌బీ 3 వైర్ల నుంచి వచ్చే రేడియో రొద వైఫైకీ, జీపీఎస్‌కీ రెండింటికీ అడ్డమే, సెకనుకి నాలుగు అంకెలు రాసుకోవడానికి ఆ వేగంతో మనకి పని లేదు.

దారి చూపించే పని మాత్రం పై బోర్డుకి ఇవ్వలేదు. ఇక్కడ మాస్టారికీ నాకూ కాస్త వాదన జరిగింది. ఆయనకి ఒకే పెట్టె ఉండాలని, నాకు రెండు ఉండాలని. దారికి స్పీకర్ కావాలి, టచ్ కావాలి, ఎండలో కనబడాలి, బండి ఎక్కగానే తెరుచుకోవాలి, ఇవన్నీ ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ముందే ఉన్నాయి, జీపీఎస్ కూడా దాంట్లోనే ఉంది. పై మీద ఇవన్నీ కూడదీయడం నాకు సరదాయే కానీ, దారి మధ్యలో ఆగిపోతే బాగుచేసేది నేను కాదు, ఆయన. ఒకటి పోతే రెండోది బతికుండాలి అన్నాను. అంతర్వేది రాత్రి గుర్తుంది కాబట్టి ఒప్పుకున్నారు.

ట్యాబ్‌లో ఓస్మాండ్ అనే మ్యాప్ యాప్ వేశాం, ఆంధ్రప్రదేశ్ మ్యాప్ మొత్తం దించుకున్నాం, నెట్ అక్కర్లేదు. అందులో బండి కొలతలు ఇవ్వొచ్చు. టేపు పెట్టి కొలిచాం, సోలార్, వెంట్ మూతతో కలిపి ఎత్తు 2.95 మీటర్లు, 3.1 అని ఇచ్చాం. వెడల్పు, బరువు కూడా ఇచ్చాం. ఇక ఫెర్రీలు (మన పంట్లు) వద్దు అన్న ఆప్షన్ తప్పకుండా పెట్టండి, మన డెల్టాలో ఇది పెట్టకపోతే మ్యాప్ నది దాటించేస్తుంది. నర్సాపురం నుంచి అంతర్వేది అంటే ఫోన్ మ్యాప్ నేరుగా సఖినేటిపల్లి రేవుకి తీసుకెళ్లింది ఒకసారి, చీకటి పడ్డాక. బండి పొడవు చూసి పంటు వాళ్లు తల అడ్డంగా ఊపారు, రేవు దగ్గర ఆ బండిని వెనక్కి తిప్పడానికి ముప్పావు గంట పట్టిందట. వెనక్కి పాలకొల్లు వచ్చి, చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా వెళ్లారు. కోటిపల్లి, ముక్తేశ్వరం దగ్గరా అంతే, మ్యాప్‌లో గీత ఉంటుంది, అది నీటి మీద గీత.

ఇంకో సంగతి, మ్యాప్‌లో ఎత్తు, బరువు హద్దులు ఎవరో ఒకరు రాస్తేనే ఉంటాయి. మన కాలువ గట్ల రోడ్ల మీద చిన్న వంతెనలకి చాలా చోట్ల ఏమీ రాసి ఉండదు, అంటే ట్యాబ్ దృష్టిలో ఆ వంతెన ఎంత బరువైనా మోస్తుంది. మాస్టారు దీన్ని పనిగా పెట్టుకున్నారు. వారానికోసారి స్కూటర్ మీద ఒక దారి చూసి వస్తారు, ఎత్తు అడ్డం పెట్టిన కమాను, కుంగిన గట్టు, కరెంటు తీగ కిందికి వేలాడే మలుపు, కొబ్బరి మట్టలు సోలార్‌కి గీసుకునే సందు, అన్నీ గుర్తులు పెడతారు, బోర్డు మీద రాసి ఉన్న హద్దుల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా ఎక్కిస్తారు, అది ఎవరైనా దిద్దగలిగే మ్యాప్ కాబట్టి. నేను ఈ బండికి పెట్టిన వస్తువులన్నిటికన్నా ఆయన పెట్టిన ఆ గుర్తులే విలువైనవని నమ్ముతున్నాను.

వరదల సంగతి కూడా అలాగే చేశాం. కనకాయలంక కాజ్‌వే మ్యాప్‌కి సంవత్సరమంతా రోడ్డే, గోదావరి పెరిగితే అది నీళ్ల కింద ఉంటుంది. ధవళేశ్వరం నీటి మట్టం నెట్‌లోంచి లాక్కొచ్చి స్క్రీన్ మీద చూపించమన్నారు మొదట. చేయొచ్చు, కానీ నెట్ లేని రోజు నిన్నటి అంకె చూపిస్తే అది ఏమీ చూపించకపోవడం కన్నా ప్రమాదం. అందుకని అలాంటి చోట్ల అన్నిటికీ ఎర్ర గుర్తు పెట్టి, పక్కన "మొదటి హెచ్చరిక ఉంటే వద్దు" అని రాసుకున్నారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ కబురు మన ఊళ్లలో టీ కొట్టు దగ్గర కూడా తెలుస్తుంది, బయలుదేరే ముందు మనిషిని అడిగి తెలుసుకుంటారు.

ట్యాబ్‌ని మొదట డాష్‌బోర్డు మీద నిలబెట్టాం. ఏప్రిల్‌లో ఎండ నేరుగా పడి, వేడెక్కి ఛార్జింగ్ ఆపేసింది, యానాం వంతెన దాటేసరికి 9 శాతం. ఇప్పుడు అద్దం అంచు కన్నా కిందికి దించి, ఏసీ గాలి వచ్చే చోటు ముందు పెట్టాం, పైన నల్ల అట్టతో చూరు కట్టాను, స్క్రీన్ కూడా బాగా కనబడుతోంది.

పై బోర్డు చూసుకునేవి తక్కువే. బ్యాటరీలోంచి పోయే, వచ్చే కరెంటు కొలిచి సీరియల్ లైన్‌లో అంకెలు పంపే 500 యాంపుల షంట్, ఇన్వర్టర్ పూర్తిగా లాగితే 130 యాంపుల దాకా వెళుతుంది కాబట్టి చిన్నది సరిపోదు. డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్లు మూడు, ఒకటి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ డబ్బా పక్కన, ఒకటి బ్యాటరీ మీద, ఒకటి గదిలో. ట్యాంకులో ఫ్లోట్. ఫ్రిజ్ 9 డిగ్రీలు దాటి 20 నిమిషాలు ఉంటే అమ్మగారి తల దగ్గర బజర్ మోగుతుంది, బ్యాటరీ 30 శాతానికి వస్తే ఇంకో రకంగా మోగుతుంది. నెట్ ఉన్నా లేకపోయినా మోగుతుంది. గ్యాస్ లీక్ అలారం మాత్రం దీనికి కలపలేదు, కలపమని ఎవరు అడిగినా కలపను. అది వేరే వస్తువు, వేరే ఫ్యూజు, పొయ్యి కింద నేలకి జానెడు ఎత్తులో ఉంది, వంటగ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి కిందికే దిగుతుంది. పై హ్యాంగ్ అయిన రోజు కూడా అది అరవాలి.

ఇలా పెట్టి ఏడు నెలలైంది. నవంబరులో మళ్లీ మూడు రోజుల వాన పట్టింది, దిండిలో ఉన్నారు, మూడో పొద్దున 34 శాతం చూపించిందని ఫొటో పంపారు. ఫ్యాన్ ఒకటి ఆపేశారట, స్క్రీన్ చూసుకునే. డిసెంబరులో ఫ్రిజ్ గ్రాఫు వింతగా ఉందని మాస్టారే ఫోన్ చేశారు, చలికాలంలో కంప్రెసర్ సగం సేపు కాదు, ముప్పావు సేపు నడుస్తోందని. వెళ్లి చూస్తే ఫ్రిజ్ వెనక గాలి పోయే జాలీకి ఆనించి అమ్మగారు ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు, పచ్చళ్ల సీసాలు సర్దారు. జరిపాం. సాయంత్రానికి గ్రాఫు దిగింది. "చూశావా తమ్ముడూ, నా పచ్చళ్ల మీద కూడా చాడీలు చెప్తోంది" అన్నారు అమ్మగారు, కానీ ఆ రోజు నుంచి పొద్దున్నే ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూసేది ఆవిడే.

మిగిలింది ట్యాంకు ఫ్లోట్. సముద్రం దగ్గరి ఊళ్లలో పట్టిన బోరు నీళ్లకి తెల్లటి చౌడు పేరుకుని, ఫ్లోట్ సగంలో ఇరుక్కుపోతోంది, ట్యాంకు ఖాళీ అయినా 50 లీటర్లు అని చూపిస్తోంది. ట్యాంకు బయట నుంచి అంటించే కెపాసిటివ్ సెన్సర్లు నాలుగు తెప్పించాను, నీటికి తగలవు కాబట్టి చౌడు బాధ ఉండదనుకుంటున్నాను. వచ్చే ఆదివారం బండి తెస్తామన్నారు, ట్యాంకు పక్క పలక విప్పి అంటించాలి.